వారానికి నాలుగు పీరియడ్లు గొడవ

“మా అమ్మాయి డబ్బులు మీరు కొట్టేస్తున్నారా, మాస్టారూ?” అని ఒక తల్లి బడి వరండాలో అందరి ముందూ అడిగేసింది.

“కొట్టేస్తున్నానమ్మా,” అన్నారు ఆయన, తీరిగ్గా గొడుగు మడుస్తూ. “ఐదు వారాల నుంచి. మీరు కనిపెట్టారు, సంతోషం. తనే ఇంకా అడగలేదు.”

పక్కనే నేనూ ఉన్నాను. హెడ్‌మిస్ట్రెస్ లోపలికెళ్లి మంచినీళ్లు తాగారు. గట్టి దెబ్బ తగిలినప్పుడల్లా ఆవిడ ఓ గ్లాసు నీళ్లు తాగుతారు. ఈ మాస్టారు చేరిన దగ్గర్నుంచి ఆవిడ గదిలోకి పెద్ద కూజా వచ్చింది.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఎదుటి మనిషి తనతో పోట్లాడేదాకా ఊరుకోరు. అందుకే ఆయన పేరు గొడవ మాస్టారు. స్టాఫ్‌రూములో నా టీ ఎత్తి గుటుక్కున తాగేసేవారు.

“అది నాదండీ.”

“అంత మెల్లగా అంటే ఎవరిస్తారు? పదికి మూడు.”

మాది ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి. ఇలాంటి బడి అనగానే జనం తల ఓ పక్కకు వాల్చి, గొంతులో తేనె పోసుకుని మాట్లాడతారు. గొడవ మాస్టారు అలా మాట్లాడిన పాపాన పోలేదు. పదిహేనేళ్లు దాటిన పిల్లలకు ఏం నేర్పాలన్నది మాకు ఏటా వచ్చే తంటా. ఒకరు కొవ్వొత్తులంటారు, ఒకరు కాగితపు సంచులంటారు. ఆయన టైమ్‌టేబుల్లో “గొడవ: వారానికి నాలుగు పీరియడ్లు” అని తన చేత్తోనే రాసేసుకున్నారు. ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్ రెండు గ్లాసులు తాగారు.

క్లాసు గదిలో ఒక బల్ల, తక్కెడ, డబ్బుల సొరుగు, సబ్బులు, పెన్సిళ్లు, బిస్కెట్ పొట్లాలు. కొట్టువాడు మాస్టారే. అంత దొంగ కొట్టువాణ్ణి నేను ఏ బజార్లోనూ చూడలేదు. తక్కెడ మీద బొటనవేలు నొక్కుతారు. మెత్తబడ్డ బిస్కెట్లు అంటగడతారు. చిల్లర తక్కువిచ్చి పైకప్పు చూస్తారు. నిలదీసినవాళ్లకే మార్కులు. ప్రోగ్రెస్ కార్డులో ఇలా ఉండేది: “గొంతు: ఆరు. కళ్లలోకి చూడటం: ఎనిమిది. ఏడవకుండా ఉండటం: ప్రయత్నిస్తున్నాడు.” మాట రాని కుర్రాడొకడు బొమ్మల అట్టల్లోంచి ‘తప్పు’ అన్న అట్ట ఏరి బల్ల మీద చరిస్తే తక్కెడ ఎగిరిపడేది. వాడికి పదికి పదకొండు.

చిక్కల్లా పదిహేడేళ్ల ఆ అమ్మాయితోనే వచ్చింది. ఎవరేమన్నా “సరే” అంటుంది. పక్కపిల్ల తన డబ్బాలో తినేసినా సరే. వానలో తన గొడుగు ఎవరో పట్టుకుపోయినా సరే. మూడు నెలల్లో బడి అయిపోతుంది, లాండ్రీలో తువ్వాళ్లు మడిచే పనిలో చేరాలి. అక్కడ శిక్షణకు వెళ్తే రోజూ రెండు గంటలు ఎక్కువ ఉంచేశారు. దానికీ సరే. మాస్టారు ఆ పిల్లకు ప్రతి క్లాసులోనూ మూడు తక్కువిచ్చేవారు. పన్నెండు పెట్టి సబ్బు కొని ఇరవై నోటిస్తే, ఎనిమిది రావలసిన చోట ఐదు. ఇరవై క్లాసులు. ఇరవైసార్లూ సరే.

తల్లి ఫిర్యాదుతో సోమవారం మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. ఆ వరండా సాక్షినని నన్నూ కూర్చోబెట్టారు. బడికి విరాళాలిచ్చే పెద్దాయన కొవ్వొత్తుల అచ్చులు సంచీలో వేసుకునే వచ్చాడు.

“పసిపిల్లల సొమ్ము!” అన్నాడాయన. “వీళ్లు దైవస్వరూపులండీ!”

“దేవుళ్లకు చిల్లరతో పనిలేదు సార్. వీళ్లకు ఉంది.”

“ఆ గొడవ క్లాసు తీసేద్దాం. మాస్టారు ఇంకో బడి చూసుకుంటారు.”

తల్లి అంతవరకూ కోపంగానే ఉంది. ఆ మాటకు తగ్గింది. “ఉద్యోగం తీయమని నేనడగలేదు. నేనున్నన్నాళ్లూ దాని తరఫున నేను అడుగుతాను. ఆ తర్వాత ఎవరడుగుతారు? అది చెప్పండి ముందు.”

హెడ్‌మిస్ట్రెస్ అమ్మాయిని పిలిపించి మెత్తగా అడిగారు. “మాస్టారు నీకు అరవై తక్కువిచ్చారటగా, తల్లీ?”

“కాదు.”

గది గదంతా ఉలిక్కిపడింది. ఆ నోట ఆ మాట మేమెవరమూ వినలేదు. పాపం, మాస్టార్ని కాపాడుతోంది అనుకున్నాను.

“అరవై మూడు,” అంది. “పొద్దున్నది కూడా.”

మాస్టారు కుర్చీ తన్నేసి లేచారు. “మళ్లీ అను!”

“అరవై మూడు. ఇవ్వండి.”

“ఇవ్వను. ఏం చేస్తావ్?”

“ఇక్కడే నిలబడతాను.”

నిలబడింది. గోడ గడియారం కింద, సంచీ గుండెకు అదుముకుని, పావుగంట. టీలు చల్లారిపోయాయి. పెద్దాయన తట్టుకోలేక పర్సు తీశాడు.

“ఇదిగో, నేనిస్తాలే తల్లీ.”

“మీరు కాదు. మాస్టారు.”

అలాంటి మాట ఆయనతో ఎవరూ అని ఉండరు. తెరిచిన పర్సు తెరిచినట్టే పట్టుకుని ఉండిపోయాడు. హెడ్‌మిస్ట్రెస్ గ్లాసు మానేసి కూజాయే ఎత్తారు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపనుకున్నాను, తీరా చూస్తే నవ్వు. మాస్టారు జేబులన్నీ తడిమి, దొరికిన రెండు రూపాయి నాణేలు ఆ పిల్ల చేతిలో పెట్టి, “మిగతాది కిస్తీల మీద,” అన్నారు.

“మర్చిపోకండి,” అంది ఆ పిల్ల.

గొడవ క్లాసు నిలిచింది. కొవ్వొత్తులకు రెండు పీరియడ్లు దక్కాయి. పైవాళ్లకు పంపే కాగితంలో “వ్యవహార నైపుణ్యం” అని రాశారు, గౌరవంగా ఉంటుందని.

ఇప్పుడా అమ్మాయి లాండ్రీలో పనిచేస్తోంది. ప్రతి నెలా మొదటి శనివారం కిస్తీకి వస్తుంది. ఒక్కతే కాదు, మాస్టారి గుమ్మం ముందు పాత పిల్లల వరసే ఉంటుంది. అందరికీ ఆయన ఎంతో కొంత బాకీ. ఒకసారి నేనుండబట్టలేక అడిగాను.

“ఇంత జీతం తీసుకుంటూ నెలకు రెండేనా? సిగ్గులేదూ?”

“పదికి ఏడు. మెరుగుపడ్డారు,” అని అమ్మాయి వైపు తిరిగారు. “జీతం కవరు చూపిస్తేనే కిస్తీ. ఏదీ?”

కవరు విప్పి లెక్కపెట్టారు. ఎన్ని రోజులు వెళ్లావు, ఎన్నింటిదాకా ఉంచారు, ఎవరైనా అరిచారా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఒక పూట కూలి తగ్గింది.

“వెళ్లి అడుగు.”

“మీరు రాకండి.”

“నేనెందుకొస్తాను!” అన్నారు.

అని గొడుగు తీసుకుని, ఆ పిల్లకు కనిపించనంత దూరంలో వెనకాలే నడిచి, లాండ్రీ ఎదుటి మూలన ఎండలో నిలబడ్డారు. ఇరవై నిమిషాలకు ఆ పిల్ల గుప్పిట మూసుకుని బయటికొచ్చింది. మాస్టారు చటుక్కున గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

“కనిపిస్తున్నారు,” అని రోడ్డు అవతలి నుంచి కేకేసింది. “కిస్తీ ఇవ్వండి.”

రెండు ఇచ్చారు. అది పన్నెండో నెల. ఇంకా ముప్పై ఏడు బాకీ.