పక్క రాష్ట్రం టవరు

విడపనకల్లులో మాది కిరాణా అంగడి. ముందు అంగడి, మధ్యలో బస్తాల గది, వెనక మేముండే ఇల్లు. గోడలన్నీ రాతి గోడలు. ఎండాకాలం చల్లగా ఉంటాయి కానీ, లోపలికి ఫోన్ సిగ్నల్ రాదు. ఎవరికైనా ఫోన్ వస్తే బయటికి పరుగెత్తాల్సిందే. అన్నేళ్లూ అది నాకు పెద్ద ఇబ్బందిగా అనిపించలేదు. ఉద్యోగం ఆశ పుట్టాకే అనిపించింది.

నేను బళ్లారి పక్కన పల్లెలో పుట్టాను. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. పెళ్లయి ఇటు వచ్చాక, శనగలు అమ్ముకోవడానికి సరిహద్దు దాటి వచ్చే రైతులతో తప్ప కన్నడంతో నాకు పని పడలేదు. ఒక కంపెనీ ఆస్పత్రులకు ఫోన్లో మాటసాయం చేసేవాళ్లను వెతుకుతోందని నా చిన్ననాటి స్నేహితురాలు చెప్పింది. రోగి మాట డాక్టరుకు రాదు, డాక్టరు మాట రోగికి రాదు. మధ్యలో ఒకరు ఇంటి నుంచే వింటూ ఇద్దరికీ చెప్పాలి. దరఖాస్తు పెట్టాను. వీడియోలో పరీక్ష పెడతామని, ఉదయం పదకొండుకు సిద్ధంగా ఉండమని కబురు పెట్టారు.

దానికోసమే పరీక్షకు ముందు రోజు మా ఆయన గుంతకల్లు పోయి సిమ్ వేసుకునే చిన్న రౌటర్, ఎవరో వాడినదే, చౌకగా తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. అక్కడ అంగడివాడి సిమ్‌తో పచ్చ లైటు వెలిగిందట. మా ఇంట్లో పెట్టగానే ఎర్ర లైటు.

ఆ మధ్యాహ్నం నుంచి నాకు కాలు నిలవలేదు. రౌటర్ను కిటికీలో పెట్టాను, గూట్లో పెట్టాను, బియ్యం డబ్బా మీద పెట్టాను. కట్టేసి మళ్లీ వేశాను. సిమ్ తీసి పైట చెంగుతో తుడిచి మళ్లీ పెట్టాను. ఎర్ర లైటు ఎర్రగానే ఉంది. మా ఆయన అంగట్లో బేరం విడిచిపెట్టి మాటిమాటికీ లోపలికి వచ్చేవాడు.

"వచ్చెనా?"

"లేదు."

"ఇట్లియ్యి, నేను చూస్తా."

"మీరు బేరం చూసుకోండి. ఇద్దరం పట్టుకుంటే అది అసలే రాదు."

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయడానికి పెరట్లోకి పోయాను. చాలాసేపు పాట వినిపించి, ఎట్టకేలకు ఒకమ్మాయి పలికింది. ఆ రౌటర్ అంతకుముందు వేరే కంపెనీ సిమ్‌తో వాడినదై ఉంటుందని, ఆ పాత కంపెనీ ఏపీఎన్ అందులో అట్లాగే ఉండిపోయి ఉంటుందని చెప్పింది. ఏపీఎన్ అంటే ఏమిటమ్మా అని అడిగాను. సిమ్ ఇంటర్నెట్‌లోకి పోవడానికి ఏ దారి పట్టాలో చెప్పే పేరు అంది. కొత్త పేరు మెసేజ్‌లో పంపింది.

రౌటర్ అడుగున అతికించిన చీటీలో ఒక అడ్రసు, పాస్‌వర్డు ఉన్నాయి. ఫోన్‌ను రౌటర్ వైఫైకి కలిపి ఆ అడ్రసు కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంది. అంతా ఇంగ్లీషే. ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. పాత పేరు చెరిపి కొత్త పేరు కొట్టి సేవ్ నొక్కాను. ఎర్ర లైటే. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. మెసేజ్‌ను ఒక్కొక్క అక్షరం చదువుకుంటూ పోల్చి చూస్తే, నా ఫోన్ తనంతట తనే మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తోందని తెలిసింది. దాన్ని చిన్నది చేసి నొక్కాను. కాసేపటికి లైటు పచ్చబడింది.

"వచ్చింది!" అని నేను వేసిన కేక అంగట్లోకి వినిపించిందట. ఎవరికో చక్కెర తూకం వేస్తున్న మా ఆయన తక్కెడ విడిచిపెట్టి వచ్చాడు. ఆయన వచ్చి చూసేసరికి మళ్లీ ఎరుపు.

ఆ సాయంత్రమంతా అదే ఆట. పచ్చ, ఎరుపు, మళ్లీ పచ్చ. స్నేహితురాలికి వీడియో కాల్ చేస్తే ఆమె ముఖం నోరు తెరిచినట్టే ఆగిపోయేది. అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్దను అట్లాగే ఉంచేశాను. మా అత్త చూసింది. ఆవిడకు మొదటి నుంచీ ఈ ఉద్యోగం నచ్చలేదు.

"అంగట్లో పనేమి తక్కువుండాదా నీకు? ఎవురెవురి రోగాలో నీకేమిటికమ్మా?" అంది. ఆ వెంటనే, "ముందు కూడు తిను. అది యాడికీ పోదు" అంది.

మరునాడు తెల్లవారగానే ఇల్లు ఊడ్చి, మంచినీళ్లు పట్టి, పొయ్యి మీద పాలు పెట్టి పెరటి కిటికీలో పెట్టిన రౌటర్ ముందు మళ్లీ కూర్చున్నాను. అత్త పెరట్లో నిలబడి తన ఫోన్‌ను చేయి చాచి దూరంగా పట్టుకుని చూస్తోంది.

"చూడమ్మా, పొద్దు పొద్దున్నే దీంట్లోకి కూడా వచ్చినాది. కర్ణాటకకు స్వాగతమంట. నేను పెరట్లో ఉండా, కర్ణాటకకు ఎప్పుడు పోయినా?"

మా ఊళ్లో అందరికీ వచ్చే మెసేజే అది. ఎవరూ పట్టించుకోరు. సరిహద్దు అవతలి టవరు గాలిమరల గుట్టల మీదుగా మా ఫోన్లను లాక్కుంటూ ఉంటుంది. ఆ క్షణంలో నాకు తట్టింది. రౌటర్ కూడా అటొకసారి, ఇటొకసారి పోతోందేమో!

సెట్టింగుల పేజీలో వెతికాను. డేటా రోమింగ్ అని ఒకటి ఉంది, ఆపేసి ఉంది. అంటే రౌటర్ అవతలి టవరుకు పోయినప్పుడల్లా ఇంటర్నెట్ ఆగిపోతోందన్నమాట. దాన్ని ఆన్ చేశాను. ఎర్ర లైటు రావడం తగ్గింది కానీ, ఇటు నుంచి అటు మారే ప్రతిసారీ వీడియో ఆగుతూనే ఉంది. ఇంకా కిందికి పోతే, నెట్‌వర్క్ ఎంచుకోవడం 'ఆటో' అని ఉంది. దాన్ని 'మాన్యువల్' చేసి వెతకమన్నాను. అది తిరుగుతూనే ఉంది. నేను లేచి గదిలో అటూ ఇటూ నడిచాను. పాలు పొంగిపోయాయి. అత్తే పోయి దించింది. తిరిగొచ్చి చూస్తే మా సిమ్ కంపెనీ పేరే రెండుసార్లు కనిపించింది, పక్కన ఒకదానికి ఆంధ్ర, ఒకదానికి కర్ణాటక అని. మొదట ఆంధ్ర నొక్కాను. సిగ్నల్ ఒక్క గీతే. కర్ణాటక నొక్కాను. నిండుగా వచ్చింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి, "మనది ఆంధ్ర గదా, పక్క రాష్ట్రం దాన్ని పట్టుకుంటే ఏమన్నా అంటారేమో?" అన్నాడు.

"నా పుట్టిల్లు ఆ పక్కే. ఎవరేమంటారు?" అన్నాను.

"ఇంక దాన్ని ముట్టుకోవాకురా" అంది అత్త కొడుకుతో.

పదకొండు దాటాక పిలిచారు. తెర మీద ఒక నడివయసు ఆవిడ. కుశల ప్రశ్నలేమీ లేవు. రికార్డు చేసిన ఒక కన్నడ మాట వినిపించి, డాక్టరుకు చెప్పినట్టు తెలుగులో చెప్పమంది. అందులో ఒక ముసలాయన ఆయాసపడుతూ, "తలె సుత్తుతద, జీవ హోదంగ ఆగ్తద" అంటున్నాడు. మాటకు మాట పెడితే తల చుట్టుకోవడం, ప్రాణం పోవడం. కానీ మా ఊళ్లో ఎవరంటారు అట్లా?

"కళ్లు తిరుగుతున్నాయంట, ప్రాణం సొమ్మసిల్లిపోతున్నట్టు ఉందంట. ఎప్పటి నుంచో ఆయన చెప్పలేదు, అడగమంటారా?" అన్నాను.

ఆవిడ తలెత్తి నావైపు చూసింది. ఆ తర్వాత ఇంకా చాలా వినిపించింది. నేను ఒళ్లు మరిచిపోయాను. మధ్యలో కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, రౌటర్లో బ్యాటరీ ఉండబట్టి మాట ఆగలేదు. అయిపోయి బయటికి వస్తే బస్తాల గదిలో అత్త, మామ, మా ఆయన వరుసగా కూర్చుని ఉన్నారు. అంగట్లో ఎవరో "అన్నా, ఉప్పు" అని అరుస్తున్నారు, పలికేవాళ్లు లేరు.

"ఇంత గట్టిగా మాట్లాడతావా నువ్వు?" అంది అత్త. "ఇన్నేండ్లలో నేను ఎప్పుడూ వినలే."

పొగిడిందో తిట్టిందో తెలియలేదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. ఫలితం వచ్చేదాకా నిద్రలో కూడా ఏదో వెతుక్కుంటున్నట్టే ఉండేది. రోజూ ఊరికే సెట్టింగుల పేజీ తెరిచి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేవో చూసి మూసేదాన్ని. చివరికి పని ఇచ్చారు.

చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం ఒక కాల్ వచ్చింది. సరిహద్దు అవతలి పల్లె నుంచి మన వైపు ఆస్పత్రికి వచ్చిన ముసలావిడ. కొడుకు మందుల కోసం బయటికి పోయాడు. కడుపులో నీరు చేరిందని, వారం రోజులు ఇక్కడే ఉండాలని డాక్టరు చెప్పాడు. నేను కన్నడంలో చెప్పాను. ఆస్పత్రి ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంచి డాక్టరు వెళ్లిపోయాడు. డాక్టరు పని అయ్యాక కాల్ పెట్టేయాలని మా కంపెనీ నియమం.

"ఫోన్ ఇడబ్యాడవ్వా" అంది ఆవిడ. పెట్టేయొద్దు తల్లీ అని.

పెట్టలేదు. ఏం మాట్లాడాలో తెలియక, ఈసారి ఏం విత్తారవ్వా అని అడిగాను. జొన్న అంది. వాన లేదంది. తాను ఇక్కడుంటే ఎద్దుకు నీళ్లెవరు పెడతారంది. చుట్టూ అందరూ ఏదో మాట్లాడుతున్నారట, ఒక్క ముక్క అర్థం కావడం లేదట. నేను కుర్చీ అంచున కూర్చుని, పైనున్నవాళ్లు ఎప్పుడు పిలిచి అడుగుతారోనని భయపడుతూనే విన్నాను.

చివరికి కొడుకు వచ్చాడు. తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. నేనెవరో అతనికి తెలియదు. అయినా, "ఊట ఆయ్తేనక్కా?" అన్నాడు.

తిన్నావా అక్కా అని. లేదన్నాను. నిజంగానే లేదు.