రెండు కుప్పల జీడిపప్పు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మాది బాప్టిస్టు కుటుంబం. పోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారు, మన వాకిట్లోకి రారు అని చిన్నప్పుడే నేర్పారు. ఇప్పటికీ నా మాట అదే. కానీ కిందటేడు వానాకాలంలో కాశీబుగ్గలో మా ఇంట్లో జరిగింది మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

మా అత్త మరియమ్మ పలాస జీడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పప్పు మీద పొట్టు తీసింది. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. నన్ను ఒకరోజు నర్సమ్మ అనేది, ఒకరోజు దొంగ అనేది. దొంగ అన్న రోజు కూడా నా చేతి అన్నానికి వంక పెట్టేది కాదు. ఆమె చేతులు ఊరుకోవు. అందుకని నేను ఒలవడానికి ఇంటికి తెచ్చుకునే పప్పులో ఓ చేటెడు ఆమె ముందు పోసేదాన్ని. వేళ్లు వణుకుతాయి కదా, ఒక్కటీ విరక్కుండా గుండుగా నిలిచేది కాదు, అన్నీ బద్దలే.

ఓ ఉదయం వాకిట్లో జారిపడి బట్టలుతికే రాయికి తల కొట్టుకుంది. నిమ్మకాయంత బొప్పి కట్టింది. వీధి చివరి డాక్టరు చూసి ఫర్వాలేదన్నాడు. వారానికి బొప్పి పోయింది, మేమూ మరిచిపోయాం.

మూడు వారాల తర్వాత అత్త ఏస్తేరమ్మతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో ఆమె పక్కనే కూర్చుని పనిచేసిన మనిషి. రెండేళ్ల కిందటే పోయింది. "రా వదినా, కూకో" అని చాప మీద చోటిచ్చేది. పగలంతా నిద్ర, నడిస్తే ఎడమ కాలు ఈడ్పు. అన్నీ మతిమరుపు ఖాతాలోనే వేసేశాం. మేం చేసిన పెద్ద తప్పు అదే.

ఓ మధ్యాహ్నం ఒలిచిన పప్పు ఫ్యాక్టరీలో ఇచ్చి రావడానికి వెళ్లాను. అత్త దారి తప్పి పోతుందని గేటుకు బయట తాళం వేస్తాను. గంటలో వచ్చి తాళం తీశాను. అత్త గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. ఆమె ముందు ఎప్పటిలాగే బద్దల కుప్ప. చాప అవతలి కొసన ఇంకో కుప్ప. అన్నీ గుండ్లే. ఒక్కదాని మీదా గోటి గాటు లేదు. పదిహేనేళ్లుగా ఒలుస్తున్నాను, నా చేతికే అంత శుభ్రం రాదు. గోడ దూకి వచ్చి పప్పు ఒలిచిపెట్టి పోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా?

"ఎవరొలిసినారత్తా?"

"వదినే. నీ తల్లో ఏటో సేరిందే, పెద్దాసుపత్రికి ఎల్లవే అని ఒకటే పోరు."

మా ఆయనకు చెబితే, "పప్పు సూసి స్కానింగేటే?" అని నవ్వాడు. నవ్వుతూనే తన ఆటో తీశాడు.

శ్రీకాకుళంలో స్కాన్ తీశారు. పడ్డనాటి నుంచి మెదడు మీద రక్తం కొద్దికొద్దిగా చేరుతోందట. ముసలివాళ్లలో ఇది వారాల తర్వాత బయటపడుతుందని, చూసేవాళ్లు మతిమరుపు ముదిరిందనుకుంటారని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో రెండ్రోజులు ఆగితే మనిషి దక్కేది కాదంది. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేశారు.

మూడో రోజు అత్త కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది. "సువార్తా, ఆ జాకెట్టేటే, సంచిలాగ కుట్టించుకున్నావు?" అంది.

నాలుగేళ్ల తర్వాత నా పేరు! వార్డులో అందరి ముందూ భోరున ఏడ్చాను. తిట్టించుకుని అంత సంతోషపడటం నా జన్మలో అదే మొదలు. మతిమరుపు పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ నా పేరు మాత్రం నిలిచింది.

ఆ నెలలోనే చర్చిలో సాక్ష్యం చెప్పాను. పడటం, స్కానింగు, ఆపరేషను, అన్నీ చెప్పి దేవునికి స్తోత్రం అన్నాను. రెండో కుప్ప సంగతి మింగేశాను. ఆ మాట చర్చిలో ఎలా చెప్పను? కూర్చోబోతుంటే ఆడవాళ్ల చాపల మీంచి అత్త కేక వినిపించింది.

"సువార్తా! మా వదిన పప్పొలిసింది సెప్పలేదేటే!"

సంఘమంతా గొల్లున నవ్వింది. పాస్టరు గారు కూడా నవ్వుతూ, "ఏం పప్పమ్మా?" అని అడిగారు.

మైకు తీసుకెళ్లి అత్త చేతికిచ్చాను. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.