శౌరి కానుగలు

శౌరి ఏ మొక్క దగ్గర ఆగినా చూపుడు వేలు మట్టిలోకి గుచ్చుతాడు. రెండో కణుపు దాకా. చల్లగా తగిలితే ముందుకు వెళతాడు. లేకపోతే సైకిలుకు స్టాండు వేసి నీళ్ల డబ్బా దించుతాడు.

ముప్పై నాలుగేళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేశాడు. రిటైరయ్యాక ఏడాది పాటు సరైన నిద్ర లేదు. ఇక షిఫ్టు లేదన్న సంగతి ఒంటికి తెలియలేదు. మెట్లెక్కితే ఆయాసం. ఊరికే కోపం. సెక్టర్ 6లో ఏదో సంఘం వాళ్లు రోడ్డు వెంట కానుగ మొక్కలు నాటుతున్నారని విని, ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీయకండి అంటూ భార్య సులోచన అతన్ని పంపింది. సంఘం ఫొటోలు దిగి వెళ్లింది, మళ్లీ రాలేదు. శౌరి మానలేదు.

రెండు వేసవులు నీళ్లు మోశాడు. నాటిన ఇరవైలో పదకొండు బతికాయి. ఈలోగా బీపీ తగ్గింది, నిద్ర కుదిరింది. డాక్టరు ఒక మాత్ర తీసేశాడు. కూతురు మెర్లిన్ ఆ మాట చర్చిలో అందరికీ చెప్పింది. అందరూ అతని ఆరోగ్యం గురించే అడిగేవారు. మొక్కలు ఎలా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు.

ఈ మే నెలలో కేబుల్ వేయడానికి మట్టి తవ్వే మిషను వచ్చింది. సున్నపు గీత మొక్కల మీదుగా పోయింది. ఒక్క మీటరు పక్కకి జరపమని శౌరి బతిమాలాడు. సూపర్‌వైజరు ప్లాను కాగితం చూపించాడు. అందులో మొక్కలు లేవు. దుర్గ్ టౌనుకు వెళ్లి కేబుల్ వాళ్ల ఆఫీసులో అడిగితే, గుమాస్తా మర్యాదగా కుర్చీ చూపించి, వానల్లో కొత్తవి నాటుకోవచ్చు కదా అన్నాడు. తిరిగి వచ్చేసరికి ఏడు మొక్కలు పోయాయి. మిగతా నాలుగు తవ్విపోసిన మట్టి కింద ఉన్నాయి.

సాయంత్రం మెర్లిన్ తన సగం హిందీలో, బాధపడొద్దని సర్దిచెప్పబోయింది.

“డాడీ, టెన్షన్ మత్ లో. పార్కులో వాకింగ్ చెయ్యి. ఫాయిదా అదే కదా.”

“నా బీపీ కోసం నాటేననుకున్నావేటి?”

“మరి దేనికి?”

“పెద్ద సెట్లవుతాయని.”

పక్క క్వార్టరు వాళ్లు వింటారు, అరవకండి అంది సులోచన. అతను అరవనే లేదు.

మర్నాడు తెల్లవారగానే పార తీసుకుని మట్టికుప్ప దగ్గరికి వెళ్లాడు. పైమట్టి పారతో, లోపలిది చేతులతో తీశాడు. మూడు కాండాలు మొదలంటా విరిగి ఉన్నాయి. మిషను వచ్చి వెనక హారన్ కొట్టింది. శౌరి తలెత్తలేదు. నాలుగో మొక్క మీది మట్టి తీస్తూ ఉన్నాడు.