బస్సెక్కిన బతుకమ్మ

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కితే, పక్క సీటులో ఒక పెద్దావిడ ఒళ్లో బతుకమ్మను పెట్టుకొని కూర్చుంది. తంగేడు, గునుగు, బంతి పూలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఆడిపాడాక దాన్ని నీళ్లలో వదులుతారని కోస్తావాణ్ణయినా నాకు తెలుసు. బస్సెందుకో మాత్రం అర్థం కాలేదు.

“మీ ఊళ్లో చెరువు లేదా అమ్మా?” అన్నాను.

“ఎందుకు లేదు బిడ్డా! మోరీ నీళ్లన్నీ అండ్లనే కలుస్తయి. బతుకమ్మంటే ఇంటి ఆడబిడ్డ. అత్తగారింటికి తోలినట్టు తోల్తం. ముక్కు మూసుకొని తోల్తమా? జర దూరమైనా సాగర్ కాల్వకే పోత.”

బస్సు కుదిపినప్పుడల్లా పూలకు రెండు చేతులూ అడ్డం పెట్టింది. కాలువ వంతెన దగ్గర దిగబోతూ, “మీ దిక్కు నీళ్లు మంచిగుంటయా?” అని అడిగింది.

మా ఊరి కాలువ కళ్లముందు మెదిలింది. అమ్మ అందులో బిందె ముంచి తెచ్చిన నీళ్లే తాగి పెరిగాను.

“మా ఇంటి ముందే కాలువమ్మా, బాగుంటాయి,” అన్నాను.

“అదృష్టవంతునివి బిడ్డా,” అని దిగి, బతుకమ్మను నెత్తిన పెట్టుకొని గట్టు వైపు నడిచింది.

ఇప్పుడు ఊరెళ్లినప్పుడల్లా ఆ కాలువ దాటుతూ నేనూ ముక్కు మూసుకుంటానని ఆమెకు చెప్పలేకపోయాను.