రోనెల్ సీటు ఖాళీగా ఉన్న వ్యాన్‌లో ఉనైజా దాకా

మా అమ్మాయి సుజాత సౌదీలోని అల్ ఖర్జ్‌లో నర్సు. అల్లుడు ప్రసాద్ అక్కడి పాల డెయిరీలో మిషన్లు చూస్తారు. విజిట్ వీసా మీద వచ్చిన నేను ఇల్లు కదిలేదాన్ని కాదు. వ్యాన్ ఎక్కడైనా ఆగిపోతే, పోలీసులు కాగితాలు అడిగితే, బీపీ మాత్ర మరిచిపోతే అని నాకు ఎప్పుడూ ఏదో ఒక బెంగ. అలాంటిదాన్ని మొన్న శుక్రవారం ఐదు గంటల దూరంలోని ఉనైజా వెళ్లి వచ్చాను. అల్లుడుగారి బేస్‌బాల్ జట్టు ఉంటుందో పోతుందో ఆ రోజు తేలుతుందని, తోడు రమ్మని అమ్మాయి బతిమాలింది.

ఆ ఆటలో కర్రతో బంతిని కొట్టి నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతి విసిరేవాడే జట్టుకు ప్రాణం. వీళ్లకు ఆ ప్రాణం రోనెల్ అనే ఫిలిప్పీన్స్ అబ్బాయి. కాంట్రాక్టు అయిపోయి, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. తర్వాత ఆడిన ఆటలన్నీ ఘోరంగా ఓడారు. జట్టు మూసేసి క్రికెట్ జట్టులో కలిసిపోదామని కొందరన్నారు. ఉనైజాలో ఆడి అక్కడే తేల్చుకుందామన్నాడు జట్టులో పెద్దవాడు నెస్టర్. వారమంతా మిషన్ల మోతలో ఉండి, శుక్రవారం మాత్రమే నవ్వే మనిషి మా అల్లుడు. ఇది కూడా పోతే ఎలాగని నా దిగులు.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. వ్యాన్ కిరాయి అందరూ పంచుకుంటే మనిషికి అరవై రియాళ్లు పడింది. లోపల ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతున్నాయి, డ్రైవర్ పక్క సీటు మాత్రం ఖాళీ.

"అదేంటి, అక్కడెవరూ కూర్చోరా?" అని అడిగాను.

"అది రోనెల్ సీటు అత్తయ్యా" అన్నారు అల్లుడుగారు.

రియాద్ దాటి ఖసీమ్ రోడ్డెక్కాక డ్రైవర్ గుల్ ఖాన్ బండి వేగం పెంచాడు. నేను ముందు సీటు పట్టుకుని దేవుళ్లందరినీ తలుచుకుంటున్నాను. "అమ్మాజీ, ఫికర్ మత్ కరో" అన్నాడు అద్దంలోంచి చూస్తూ. కంగారు పడొద్దంటున్నాడని అమ్మాయి చెప్పింది. చెప్తే ఆగేదా కంగారు?

పెట్రోల్ బంకు దగ్గర టీకి ఆగాం. చలి ఎముకల్లోకి దిగుతోంది. అక్కడ నెస్టర్ అందరినీ చుట్టూ నిలబెట్టి ఏదో చెప్పాడు. జట్టులోని సిద్దిపేట శీను నాకు విప్పి చెప్పాడు.

"మా పాలు పిండే షెడ్డుల ఒకడు లీవు పెడితే ఆయన ఆవుల్ని ఇంకొక్కడికే అప్పజెప్పరమ్మా. అందరం తలా కొన్ని పంచుకుంటం. రోనెల్ పని గూడ గట్లనే పంచుకుందామంటుండు. తొమ్మిది ఇన్నింగ్సు, తొమ్మిది మందిమి. తలా ఒకటి ఎయ్యాలె."

"మా అల్లుడుగారు కూడానా? ఆయన ఎప్పుడైనా విసిరారా?"

"ఎన్నడు ఎయ్యలే. అందుకే ఆఖరిది అడిగి తీస్కున్నడు. అప్పటికి గెలుసుడో ఓడుడో అయిపోతదని ఆయన తెలివి."

అల్లుడుగారు టీ కప్పు పట్టుకుని వ్యాన్ ఎక్కేశారు.

పది దాటాక ఉనైజా చేరాం. ఎటు చూసినా ఖర్జూర తోటలే. మార్కెట్‌లో సుక్కరీ ఖర్జూరాలు రుచి చూపించి మరీ అమ్ముతున్నారు, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. ఓ పెట్టె కొన్నాం. తిరిగి చూసేసరికి జుమా నమాజుకు షాపులన్నీ మూసేశారు. హోటళ్లు కూడా అంతే. నేను కట్టి తెచ్చిన పులిహోరే ఆ జట్టుకు భోజనమైంది. శీను రెండోసారి వడ్డించుకుంటూ, "గీ పులిహోర ఉంటే రోనెల్ ఎగ్జిటే కొట్టించుకోకపోవు" అన్నాడు.

ఒంటిగంటన్నరకు ఆట మొదలైంది. మొదట విసిరిన నెస్టర్ మూడు పరుగులిచ్చేశాడు. తర్వాతివాడు ఒకటి. కానీ ఒకటి గమనించాను. విసిరేవాడు తడబడితే మిగతా ఎనిమిది మందీ అరిచి ధైర్యం చెప్తున్నారు. తర్వాత తమ వంతూ ఉంది కదా. రోనెల్ ఆడేటప్పుడు సగం మంది చేతులు కట్టుకుని చూస్తుండేవారని అమ్మాయి అంది. శీను వంతులో అవతలివాళ్లకు ఒక్క పరుగూ రాలేదు.

పొద్దు వాలేసరికి ఆఖరి వంతు వచ్చింది. తాము కొట్టే వంతుల్లో బాగా కొట్టి మనవాళ్లు ఒకే ఒక్క పరుగు ముందున్నారు. బంతి అల్లుడుగారి చేతిలో ఉంది. అమ్మాయి నా చేయి నలిపేస్తోంది, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఉనైజా వాళ్లు రెండు పరుగులు తీసి ఎగురుతున్నారు. ఓడిపోయాం.

అల్లుడుగారు ఉన్నచోటే కూలబడ్డారు. "నావల్లే పోయింది" అన్నారు. నెస్టర్ వచ్చి పక్కనే కూర్చుని, వచ్చీరాని హిందీలో నవ్వుతూ ఏదో అన్నాడు. నేను ఇచ్చినవి మూడు, నువ్వు ఇచ్చినవి రెండే, నాకంటే నయం అన్నాడట. శీను కూడా వచ్చి, "లే బావా, ఓటమి గూడ పంచుకునుడే. ఒక్కనివే ఏస్కపోతనంటే ఎట్ల?" అన్నాడు. అప్పుడు నవ్వారు మా అల్లుడు.

తిరుగు ప్రయాణంలో జట్టు మూసేసే మాట ఎవరి నోటా రాలేదు. వచ్చే శుక్రవారం మొదట ఎవరు విసరాలనే గొడవే. మొదటిది నాకే కావాలని అందరికంటే గట్టిగా అరిచింది అల్లుడుగారే. అంతకుముందు వ్యాన్ ఎక్కుతుంటే నెస్టర్ ముందు తలుపు తీసి, నన్ను రోనెల్ సీట్లో కూర్చోమన్నాడు. నేను వెనక్కి తగ్గాను. "కూర్చోండత్తయ్యా, మీ మోకాళ్లకు అదే బాగుంటుంది" అన్నారు అల్లుడుగారు. ఖర్జూరాల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నేను చదువుకున్నది ఐదో తరగతి. ఈ ఆట లెక్కలు ఇప్పటికీ పూర్తిగా అర్థం కావు. వెళ్లిపోయిన మనిషి బరువును ఇంకొకడి నెత్తిన పెట్టకుండా తొమ్మిది మంది మోయడం మాత్రం కళ్లారా చూశాను. భయపడుతూనే వెళ్లాను, భయపడుతూనే వచ్చాను. వెళ్లకపోతే మాత్రం ఏదో పోగొట్టుకునేదాన్ని.

శుక్రవారం ఉనైజా వెళ్లేవాళ్లు ఖర్జూరాలు పదకొండులోపే కొనేసుకోండి, మధ్యాహ్నానికి అన్నం మూట కట్టుకెళ్లండి. అలాగే ముందు సీటు ఇస్తే మొహమాటపడకుండా కూర్చోండి, శాలువా మాత్రం కప్పుకోండి. అక్కడ కిటికీ సందులోంచి చలిగాలి నేరుగా మొహానికే కొడుతుంది.