మూడోసారి అడగాలి

నేను పోస్టుకు చేరిన రోజు మంచు అడ్డంగా కొడుతోంది. మా కింది పోస్టు లోయ అంచున ఉంది. పై పోస్టుకు తాడు పట్టుకుని సగం రోజు ఎక్కాలి. వీపున రేషను, చేతిలో మంచుగొడ్డలి. రెండు పోస్టుల మధ్య మాటకు ఒక్క రేడియో సెట్టే దిక్కు. కింద దాని మీద కూర్చునేది నేను.

పైన రేడియో ఆపరేటర్‌ది మా వైపే, చాట్రాయి ఊరు, నాది ఆగిరిపల్లి. అందరూ అతన్ని చాట్రాయి అనే పిలిచేవారు. వాళ్ళ సెక్షన్ కమాండర్ హర్యానా హవల్దారు, నిక్కచ్చి మనిషి. రోజూ పొద్దున్నే ఒక్కొక్కణ్ణీ "బాగున్నావా?" అని అడిగేవాడు. బాగున్నానంటే బాగున్నట్టే. ఆయన ఊళ్ళో మాటంటే మాటే.

మన సంగతి మీకు తెలుసు. భోజనానికి రమ్మంటే "పర్లేదండీ, ఇప్పుడే తిన్నా" అంటాం. రెండోసారీ అదే మాట. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు కూర్చుంటాం, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే. దీనికి మర్యాద అని పేరొకటి. తగలబెట్టాలి ఈ మర్యాదని.

ఒక సాయంత్రం సెట్టులో చాట్రాయి మాట ముద్దముద్దగా వచ్చింది. సెట్టులో హిందీయే మాట్లాడాలన్న రూలు పక్కనపెట్టి తెలుగులో అడిగాను.

"ఒంట్లో ఎలా ఉందిరా?"

"పర్లేదన్నా."

"నిజం చెప్పు."

"కొంచెం తలనొప్పి. ఏం లేదులే."

"ఒరేయ్, అడుగుతోంది నేను. చెప్పు."

గరగర మధ్యలోంచి చెప్పాడు. "మొన్నట్నుంచి తల పగిలిపోతోందన్నా. అన్నం దిగట్లేదు. ఇందాక బూటు లేసు కట్టుకోలేకపోయా."

గాలి పల్చగా ఉండే ఆ ఎత్తులో అది మెదడు వాస్తోందనే గుర్తు, చావు లక్షణం. హవల్దారుని సెట్టు దగ్గరికి పిలిపించాను.

"పొద్దున అడిగాను. బాగున్నానన్నాడు," అన్నాడు.

"మావాళ్ళు ఒకసారి అడిగితే చెప్పరు ఉస్తాద్."

"జవానుని ఎన్నిసార్లడగాలి?"

నా ఒళ్ళు మండిపోయింది. ఆయన తప్పేమీ లేదు, అందుకే ఇంకా మండింది. ట్రైనింగులో సెట్టు గురించి గంటలు గంటలు చెప్పారు. ఎదుటివాడి ఊళ్ళో 'బాగున్నా' అంటే ఏంటో ఒక్కడూ చెప్పలేదు.

గాలికి హెలికాప్టర్ లేవలేదు. పైవాళ్ళు స్ట్రెచర్ మీద దించుతుంటే నేనూ నర్సింగ్ అసిస్టెంటూ ఎదురెళ్ళాం. ఆక్సిజన్ పెట్టాం. కింది పోస్టు కనపడుతుండగా చాట్రాయి పోయాడు.

సెలవు దొరగ్గానే వాళ్ళ అన్నయ్య మామిడితోటకి వెళ్ళాను. కోతలు జరుగుతున్నాయి. "మిలటరీవాళ్ళు సరిగ్గా చూసుకోలేదంటగా?" అన్నాడొక బంధువు.

"చంపింది మన 'పర్లేదే'నండీ," అన్నాను. గట్టిగానే అన్నాను. బుట్టలెత్తేవాళ్ళు ఆగి చూశారు.

వాళ్ళ అన్నయ్య చేతిలో కాయలు బుట్టలో వేసి నా దగ్గరికొచ్చాడు. "భోంచేద్దురుగాని రండి," అన్నాడు.

"ఆకలేస్తోందండీ. పెట్టండి."

ఇంత తిన్నగా చెప్పేవాణ్ణి ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. మొహం నావైపు తిప్పి అలాగే నిలబడ్డాడు.

ఎన్నేళ్ళయినా నాకు కనపడేది ఆ స్ట్రెచరే. ముందు కొస పట్టుకున్న హవల్దారు ఏడుస్తున్నాడు. వెనక కొస నా చేతుల్లో ఉంది. చాట్రాయి బూటు లేసు ఊడి స్ట్రెచర్ అంచున వేలాడుతోంది. వాడు మాస్కు పక్కకి లాగి నాతో అన్నాడు: "పర్లేదన్నా, ఆయాసపడుతున్నావు. దించెయ్, నడుస్తా."