నాన్న కండువాతో పులి దగ్గరికి

ఉద్యోగం చివరి ఏళ్ళలో ఒక జనవరిలో నన్ను నల్లమలలో, దోర్నాల పక్క రేంజికి అధికారిగా వేశారు. కింద మైదానంలో మిర్చి కోతలు మొదలవుతున్నాయి, పైన అడవిలో గడ్డి ఎండుతోంది. మా అటవీ శాఖ మెట్లు అందరికీ తెలియవు గనక చెబుతున్నాను. అడవిని బీట్లుగా విడగొడతారు, బీటుకో గార్డు ఉంటాడు. కొన్ని బీట్లు కలిస్తే సెక్షను, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజి. ఆ రేంజికి పెద్దని నేను. నాకు తెలియకుండా అక్కడ ఆకు కూడా రాలేది కాదు.

రాలేదిలెండి. నాకు తెలిసేది కాదు, అంతే.

మాది దర్శి దగ్గర పల్లె. మిర్చి రైతు కొడుకువి, ఈ ఖాకీలోకి ఎలా వచ్చావని అడిగితే ప్రకృతి మీద ప్రేమతో అని చెప్పేవాణ్ణి. ఒక సభలో దానికి చప్పట్లు కూడా కొట్టారు. అసలు కారణం తుమ్ములు. కళ్ళంలో కాయ ఆరబోశారంటే నాకు ముక్కూ కళ్ళూ ఏకమయ్యేవి. మా నాన్న మాత్రం ఆ ఎర్రటి రాశుల మధ్య కూర్చుని, తాలుకాయ ఏరుతూ, మల్లెతోటలో ఉన్నంత హాయిగా ఊపిరి తీసుకునేవాడు. ఆయన తుమ్మగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఒకరోజు నా అవస్థ చూసి, "ఒరేయ్, నువ్వు కళ్ళానికి పనికిరావు, పోయి చదువుకో" అన్నాడు. అలా నన్ను అడవికి తోలింది మిరపకాయ.

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నాన్నది ఒకటే ప్రశ్న. "ఏరా, పులి కనపడిందా?" నేను ఫోను చేసినప్పుడల్లా ఓ పులిని చెప్పేవాణ్ణి. ఒకటి జీపుకి అడ్డంగా పడుకునేది, ఇంకొకటి నా టార్చిలైటుకి తల దించుకునేది. వాస్తవమేమిటంటే, సర్వీసు మొత్తంలో పులి నాకు ఎదురుపడింది బహు తక్కువ. అందులోనూ ఒకసారి తోక వరకే. మా పని పులిని చూడటం కాదు, అది వెళ్ళిందని తెలుసుకోవడం. నేల మీద అడుగు, చెట్టు మీద గోళ్ళ గీత, కెమెరాలో పడ్డ బొమ్మ, వీటితోనే మా కాలక్షేపం. నాన్నకి అంత వివరం చెప్పలేదు. "పత్తి తీతలవగానే వస్తాను, నాకూ చూపించు" అనేవాడు. పత్తి అయ్యేసరికి మిర్చి కోతలు. మిర్చి గుంటూరు యార్డుకి తోలేసరికి ఎండలు. ఆయన రావడం కుదరలేదు.

నేను దోర్నాలలో చేరిన కొద్ది రోజులకే, మొదటి కోత కాయ ఇంకా కళ్ళంలో ఉండగానే నాన్న పోయాడు. మధ్యాహ్నం కాయ తిరగదోసి, కండువా మొహం మీద కప్పుకుని మంచం మీద నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు.

పెద్దదినం నాడు సాగర్ కాలవ గట్టున పిండం పెట్టాం. దాన్ని కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని మా వైపు నమ్మకం. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇస్తారు. ఆ రోజు కాకి కరెంటు తీగ మీద కూర్చుంది గానీ దిగలేదు. మా బావకి మంగళగిరిలో చీరల కొట్టు, బేరం చేయడం అలవాటు. ఆయనే మొదలెట్టాడు.

"మావయ్యా, నీ ఎడ్లని అమ్మనివ్వను."

కాకి ఈకలు సర్దుకుంది.

"పక్క చేనువాళ్ళతో గట్టు తగాదా రాజీ చేయిస్తా."

కాకి అటు తిరిగి కూర్చుంది.

"అది ఆయనకి ఇష్టం లేదండీ, తగాదా ఉండనివ్వండి" అని అక్క బావని వెనక్కి లాగి నా వైపు తిరిగింది. "ఏరా, నువ్వేం ఎగ్గొట్టావు? త్వరగా చెప్పు, ఎండెక్కుతోంది."

నేను గుండు తడుముకుని, "నాన్నా, నీకు పులిని చూపిస్తా" అన్నాను. కాకి దిగింది.

మాట నా నోట్లో ఉండగానే బాణంలా దిగిందని తర్వాత ఆఫీసులో చెప్పాను. అంత లేదు. కాసేపు తల పక్కకి వాల్చి నన్ను పరిశీలించింది. నేను ఫోనులో చెప్పిన పులుల సంగతి దాని దాకా వెళ్ళిందేమోనని నాకు చెమట పట్టింది. ఆ తర్వాతే దిగింది.

మాటే కదా, నాన్న ఎటూ లేడు కదా అని నేను తప్పించుకోబోయాను. అక్క ఊరుకోలేదు. "నీ మాట నమ్మి తిన్నాడురా. ఇప్పుడు తప్పావంటే విస్తట్లో అన్నం లాక్కున్నట్టే" అంది.

మొదటి మాసికం అయిన మర్నాడు బావ కారులో అక్కా, బావా బయల్దేరారు. మార్కాపురంలో టీ కొట్టాయన "శ్రీశైలమా అండీ?" అని పలకరించాడట. "ఏటిసూతకమండీ, గుడికి వెళ్ళకూడదు. పులికైతే అడ్డం లేదు" అని అక్క చెబితే ఆయన టీ వడకట్టడం మర్చిపోయాడని బావ చెప్పాడు. బావ కూడా నా లాంటివాడే, సగం తీసెయ్యండి.

నేను సెలవు పెట్టి, నా రేంజిలో నేనే సఫారీ టిక్కెట్లు కొన్నాను. నిబంధనలు మామూలే. మాట్లాడకూడదు, తినుబండారాలు కూడదు, ఘాటైన వాసనలు కూడదు. గేటు దగ్గర సంచులు చూడటం పద్ధతి. అందరి సంచులూ చూడమని గార్డుల్ని కేకలేసే నేను, సొంత అక్క సంచి ఏం చూస్తాంలే అని వదిలేశాను. డ్రైవరు యేసోబు నన్ను పక్కకి పిలిచి, "సార్, పులి కనపడుద్దని గ్యారంటీ లేదని టిక్కెట్టు మీద మీరే కొట్టించారు. మేడం గారికి చెప్పారా?" అన్నాడు. చెప్పలేదు. అక్క అప్పటికే జీపులో కిటికీ పక్క సీటు నాన్నకని వదిలి, పక్కన సర్దుకుని కూర్చుంది.

లోపల ఒకచోట దారికి అడ్డంగా జల్లెడ పట్టిన మెత్తటి మట్టి పరిచి చదును చేసి ఉంచుతాం. ఏ జంతువు దాటినా దాని అడుగు అందులో అచ్చుపడుతుంది. కాగితాల్లో దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, మేం మట్టి పట్టీ అనేవాళ్ళం. జీపు దానికి ఇవతల ఆపించాను. పట్టీ శుభ్రంగా ఉంది. "చూశావా అక్కా, పొద్దుట్నుంచి ఇటు ఏదీ రాలేదు" అని గుసగుసగా పాఠం మొదలెట్టాను.

అప్పుడే ఎడమ పక్క చెట్ల మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. వెంటనే దుప్పి కూత. మళ్ళీ కూత, ఇంకా దగ్గరగా. పులి కదిలితేనే ఆ రెండూ అలా ఒకదాన్నొకటి అందుకుంటాయి. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

"వస్తోందా?" అంది అక్క. తలూపాను.

అక్క సంచిలోంచి నాన్న కండువా తీసింది. చివరి రోజు మొహం మీద కప్పుకున్నదే. మిగతా బట్టలతో పాటు చాకలికి వేయాల్సింది, వేయకుండా దాచుకుంది. ఉతికితే ఆయన వాసన పోతుందని ఉతకలేదు కూడా. "నాన్నా, చూడు" అంటూ ఆ సీటు మీద కప్పడానికి కండువాని ఒక్కసారి గట్టిగా దులిపింది.

ఆ ఏటి మొదటి కోత కాయ దుమ్మంతా జీపులో లేచింది.

ముందు నేను. తర్వాత బావ. యేసోబు నుదురు స్టీరింగుకి కొట్టుకుంది. మంగళగిరిలో కాపురం పెట్టి కళ్ళం అలవాటు తప్పిన అక్క కూడా మొదలెట్టింది. జీపు జీపంతా ఊగిపోయింది. ఎంతసేపన్నది చెప్పలేను, తుమ్ములు కళ్ళు తెరవడానికి సందివ్వలేదు.

తెరిచేసరికి మట్టి పట్టీ మీద పులి అడుగులున్నాయి. లోతుగా దిగాయి, మట్టి వెనక్కి చిమ్మి ఉంది. మా మోతకి అదిరి పరుగు అందుకున్నట్టుంది.

"నేను చూశాను" అనడానికి అలవాటు కొద్దీ నోరు తెరిచాను. తుమ్ము వచ్చింది.

బావ మెల్లగా, "మరి మావయ్యకిచ్చిన మాట? చూపించినట్టా, కానట్టా?" అన్నాడు. నేను అక్క వంక చూశాను. అక్క ఆ అడుగుల వంక చూసి, సీటు మీది కండువా సరిచేసింది.

"మనం కళ్ళు మూసుకుని తుమ్ముతున్నాం. నాన్న తుమ్మడుగా. చూసే ఉంటాడు" అంది.

ముందుగా యేసోబు నవ్వాడు. తర్వాత ఎవరికీ ఆగలేదు. నాన్న పోయాక మా ఇంటివాళ్ళం నవ్వడం అదే మొదలు. అందరికీ కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ, అందులో కాయ ఘాటు ఎంతో మిగతాది ఎంతో విడదీయలేను.

డ్యూటీలో చేరాక ఒక నిబంధన కలిపించాను. మిర్చి కళ్ళాల నుంచి వచ్చేవారు కండువాలు, తువ్వాళ్ళు గేటు బయట దులుపుకుని జీపు ఎక్కాలి. కారణమేమిటని పై అధికారి అడిగితే వన్యప్రాణి సంరక్షణ అన్నాను. అబద్ధం కాదు, ఆ పులిని అడగండి.

ఈ ఉదంతం వల్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటే. పులిని చూపిస్తానని ఎవరికీ, చివరికి కాకికి కూడా మాట ఇవ్వకూడదు. అది తిరిగే చోటికి తీసుకెళ్తానని ఇవ్వొచ్చు.